ముంగిటికి వచ్చిన ప్రయోగశాల

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పిన మాట అందరికీ తెలిసినదే. అయితే ఆ భాగ్యం చేజారుతున్నదన్న సంగతి పూర్తిగా చేజారక మునుపే తెలిసికొనుట ఎట్లు? జ్వరం ముదిరిన తరువాత, నడుము వంగిన తరువాత, పుండు మానకుండా నిలిచిపోయిన తరువాత రోగం ఉన్నదని చెప్పుటకు వైద్యుడే అక్కరలేదు. బయటికి కనిపించని దశలో కనిపెట్టుటకే పరీక్షలు కావాలి. ఆ పరీక్షలు నగరాలలోని పెద్ద ఆసుపత్రులకే పరిమితమై ఉన్నంత కాలం అడవి పల్లెలలో నివసించేవారికి వాటి వలన కలిగిన మేలు స్వల్పం.

గడచిన కొన్ని దశాబ్దాలలో ఈ పరిస్థితి క్రమంగా మారుతూ వచ్చింది. ఒకప్పుడు గది నిండా పరికరాలు అమర్చి చేసిన పనిని నేడు అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పట్టీ, చిన్న సీసాలోని రంగు ద్రావణం, సంచిలో మోసుకొని పోదగిన యంత్రం చేస్తున్నాయి. ఈ మార్పును మన ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు పరిచయం చేయుటకు మేము భోపాల్‌పట్నం ప్రాంతాన్ని ఉదాహరణగా ఎంచుకొన్నాము.

రెండు నదుల నడుమ

ఇంద్రావతి నది గోదావరిలో కలిసే చోటికి చేరువలో ఉన్న ఊరు భోపాల్‌పట్నం. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో జమీందారీ. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బీజాపూర్ జిల్లాకు చెందిన తహసీలు కేంద్రం. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడగా, 2007లో దంతెవాడ జిల్లా నుండి బీజాపూర్ జిల్లా విడివడింది. హైదరాబాదు నుండి వరంగల్లు, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి ఇక్కడికి చేరుతుంది. నిజామాబాదు, సిరొంచల మీదుగా జగదల్‌పూర్ పోయే 63వ జాతీయ రహదారి కూడా ఈ ఊరిని దాటే పోవాలి. అందువలన ఇక్కడి సంతలో హిందీతో పాటు తెలుగు, గోండీ, దోర్లీ మాటలు కలగలిసి వినిపిస్తాయి. బంధుత్వాలు గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్నాయి. పెద్ద రోగం వస్తే చూపు కూడా ఆ ఒడ్డుకే పోతుంది.

కారణం దూరం. జగదల్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు, రాష్ట్ర రాజధాని రాయపూర్ సుమారు 500 కిలోమీటర్లు. వరంగల్లు, హైదరాబాదులు కూడా దగ్గరివి కావు. కూలి పని మానుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని, తోడు ఒకరిని తీసికొని పరీక్ష కోసం అంత దూరం పోవలసి వస్తే ఎవరైనా ఏమి చేస్తారు? నొప్పి భరించరానిది అయ్యే దాకా ఆగుతారు. ఆ ఆగిన కాలమే అనేక రోగాలలో ప్రాణానికి ముప్పు తెచ్చేది. పరీక్ష మనిషి దగ్గరికి రావలసిన అవసరం ఇక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడో గాని కనిపించదు.

తేట నీటిలో దాగిన దోషం

భోపాల్‌పట్నం తహసీలులో గెర్రాగూడ అనే గ్రామం ఉన్నది. భూగర్భ జలంలోని ఫ్లోరైడు వలన అక్కడివారి పళ్లు పసుపుబారుతున్నాయని, పడుచు వయసులోనే నడుములు వంగి కర్ర పట్టుకొని నడవవలసి వస్తున్నదని పత్రికలలో పలుమార్లు వార్తలు వెలువడినాయి. ఆ నీరు చూచుటకు తేటగానే ఉంటుంది. వాసన లేదు, రుచిలో తేడా లేదు. కాచినంత మాత్రాన దోషం పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది.

ఈ వ్యథ తెలుగువారికి కొత్తది కాదు. మన దేశంలో మనుషులలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయంగా మొదట వర్ణించినది 1937లో; వర్ణించిన చోటు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతం. తరువాతి కాలంలో నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి మారుపేరైనది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు నల్లగొండ పిల్లలలో మోకాళ్లు లోపలికి వంగే వికృతిని గూర్చి 1973లో అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రకటించారు.

ఫ్లోరైడు ఎక్కడి నుండి వస్తుంది? గ్రానైటు వంటి రాళ్లలోని కొన్ని ఖనిజాలలో అది సహజంగా ఉంటుంది. నీరు ఆ రాతి పగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి ఉన్నప్పుడు కొద్దికొద్దిగా కరిగి అందులో చేరుతుంది. అందుచేతనే లోతైన బోరు నీటిలో అది ఎక్కువగాను, వాన నీటితో నిండే చెరువు, వాగు, పైబావులలో తక్కువగాను ఉండుట పరిపాటి. దాహం తీర్చాలన్న మంచి తలంపుతో వేసిన బోరింగే కొన్ని చోట్ల ఈ వ్యాధికి దారి తీసింది.

శరీరంలో చేరిన ఫ్లోరైడులో చాలా భాగం మూత్రంలో పోతుంది. మిగిలినది ఎముకలోని ఖనిజంలో చోటు చేసికొంటుంది. ఎముక చూచుటకు గట్టిపడినట్లు ఉన్నా పెళుసుబారుతుంది. కీళ్లను కట్టి ఉంచే స్నాయువులలో సున్నం పేరుకొని మెడ, వెన్ను, మోకాళ్లు బిగుసుకొనిపోతాయి. ఇట్లు ఒకసారి మారిన ఎముకను తిరిగి మామూలు స్థితికి తేగల మందు లేదు. అందువలన ఇక్కడ ముందుగా కనిపెట్టుటయే వైద్యం.

కనిపెట్టుటకు రెండు మార్గాలు: ఒకటి నీటిని పరీక్షించుట, రెండవది మనిషిని పరీక్షించుట.

నీటి పరీక్ష వెనుక ఉన్న సూత్రం ముచ్చటైనది. జిర్కోనియం అనే లోహాన్ని అలిజరిన్ అనే రంగుతో కలిపితే గులాబీ ఎరుపు ద్రావణం ఏర్పడుతుంది. ఫ్లోరైడుకు జిర్కోనియం మీద మక్కువ ఎక్కువ. ఫ్లోరైడు ఉన్న నీరు కలపగానే అది జిర్కోనియంను రంగు నుండి విడదీసి తనతో కలుపుకొంటుంది. రంగు వెలిసి పసుపుబారుతుంది. ఎంత వెలిసినదో అట్టముక్క మీద ముద్రించిన రంగులతో పోల్చి చూస్తే లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదో అంచనా కట్టవచ్చు. అంతకన్న కచ్చితంగా తెలిసికొనవలసినప్పుడు ఎలక్ట్రోడు వాడతారు. లాంథనం ఫ్లోరైడు స్ఫటికం నీటిలోని ఫ్లోరైడు అయాన్లకు మాత్రమే స్పందించి విద్యుత్ సంకేతాన్ని ఇస్తుంది. ఈ సాధనం 1966లో వెలుగులోకి వచ్చింది.

భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములు దాటరాదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలోను అయిదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్లతో నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించారు. నీరు మోసే చేతులకే నీటి మంచిచెడ్డలు తేల్చే పని అప్పగించుట మేము హర్షించదగిన విషయంగా భావిస్తున్నాము.

ఇక మనిషి సంగతి. ఖరీదైన యంత్రాలు లేకుండానే ఆరోగ్య కార్యకర్త మూడు పనులు చేయించి చూస్తారు. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లను తాకగలరా? తల వంచి గడ్డాన్ని ఎదురురొమ్ముకు ఆనించగలరా? చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకగలరా? ఈ మూడింటిలో నొప్పి, బిగువు కనిపిస్తే మూత్రంలో ఫ్లోరైడు పరీక్ష, ముంజేతి ఎక్స్‌రే చేయిస్తారు. ముంజేతిలోని రెండు ఎముకల నడుమ పొరలో సున్నం పేరుకొనుట ఎక్స్‌రేలో స్పష్టంగా తెలుస్తుంది.

దోషం తెలిసిన తరువాత నివారణకు దారులు ఉన్నాయి. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును పేరబెట్టి తొలగించే విధానాన్ని రూపొందించింది. అది ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతిగా పేరు పొందింది. అయితే రోజూ మందు కలిపే శ్రమ, అడుగున చేరే మడ్డి బెడద లేకుండా చూడాలంటే నది నీటిని కొళాయిల ద్వారా ఊరికి చేర్చుటయే మేలైన మార్గం. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ఆ దారినే పట్టింది. ఆహారం పాత్ర కూడా ఉన్నది. రోజూ చింతపండు తీసికొన్న పిల్లలలో ఫ్లోరైడు మూత్రం ద్వారా ఎక్కువగా వెలుపలికి పోతున్నదని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో తెలిపారు. మన పప్పుచారు, పులుసు ఇందుకు కొంత తోడ్పడవచ్చును గాని మంచినీటికి మాత్రం అవి బదులు కాజాలవు.

భీమవరం నుండి బోస్టను దాకా

రంగును చూచి రసాయనాన్ని కొలిచే విద్యలో ఒక తెలుగువాని పేరు చిరస్థాయిగా నిలిచి ఉన్నది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. 1923లో అమెరికా చేరి హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేశారు. రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించారు. భాస్వరం మాలిబ్డేటుతో కలిసినప్పుడు ఏర్పడే పదార్థాన్ని తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ఇది ప్రపంచంలోని వైద్య ప్రయోగశాలలన్నింటికి చేరింది.

ఈ పద్ధతిని వాడుతున్న క్రమంలోనే కండరాలలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లోను వారు వెలికి తీశారు. కొలిచే సాధనం మెరుగుపడితే కనిపించే లోకం కూడా పెద్దదవుతుందనుటకు ఇంతకన్న మంచి నిదర్శనం లేదు.

1940లో సుబ్బారావు లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. రక్తహీనతకు ఔషధమైన ఈ విటమిను రక్త కాన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చినప్పుడు రోగం తగ్గుటకు బదులు పెరుగుతున్నట్లు బోస్టను పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు గమనించారు. ఫోలిక్ ఆమ్లం కాన్సరు కణానికి మేతయైతే, దానిని అడ్డగించే పదార్థం ఆ కణాన్ని పస్తు పెట్టవలెను గదా! సుబ్బారావు బృందం అట్టి పదార్థాలను తయారు చేసి ఇచ్చింది. వానిలో అమినోప్టెరిన్ అనే మందును 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో రోగం కొంత కాలం వెనుకకు తగ్గినట్లు ఫార్బరు 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ మెరుగుదల తాత్కాలికమే. అయినా మందుతో కాన్సరును లొంగదీయవచ్చునన్న ఆశకు అది పునాది అయినది. ఆ కుదురులోనిదే అయిన మెథోట్రెక్సేట్ నేటికీ రక్త కాన్సరు చికిత్సలోను, కీళ్లవాతంలోను వాడుకలో ఉన్నది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. ఆయన వయసు 53 ఏండ్లు మాత్రమే.

ఒక్క నెత్తుటి చుక్క

బస్తర్ అడవుల పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే వ్యాధి మలేరియా. ఈ వ్యాధి గుట్టు తెలిసినది కూడా తెలుగునాటనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూచారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

చాలా కాలం మలేరియా నిర్ధారణకు సూక్ష్మదర్శినియే దిక్కు. కార్యకర్త గాజు పలక మీద రక్తం పూత తీసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అక్కడ రంగు వేసి చూడాలి. వాగులు పొంగే కాలంలో ఆ పలక చేరి, ఫలితం తిరిగి ఊరికి వచ్చుటకు రోజులు పట్టేది. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకు పాకుటకు అన్ని రోజులు అక్కరలేదు. ఫలితం వచ్చేసరికి రోగి ఉండని సందర్భాలు అడవి ప్రాంతాలకు కొత్త కాదు.

ఈ జాప్యాన్ని తొలగించినది ర్యాపిడ్ టెస్ట్. పరాన్నజీవి రక్తంలోకి విడుదల చేసే ప్రత్యేక ప్రోటీన్లను పట్టుకొనే ప్రతిరక్షకాలను పట్టీ మీద పూస్తారు. వేలి కొన నుండి ఒక చుక్క రక్తం, దానితో పాటు కొద్దిపాటి ద్రావణం వేస్తే అది అద్దుడు కాగితం మీద నీరు పాకినట్లు పాకుతుంది. దారిలో బంగారపు అతి సూక్ష్మ రేణువులతో కూడిన ప్రతిరక్షకాలు ఆ ప్రోటీనును అంటిపెట్టుకొంటాయి. అవన్నీ ఒక చోట నిలిచినప్పుడు ఎర్రని గీత కనిపిస్తుంది. 15 నుండి 20 నిమిషాలలో పని పూర్తి. కరెంటు అక్కరలేదు, సూక్ష్మదర్శిని అక్కరలేదు.

ఛత్తీస్‌గఢ్‌లో మితానిన్ అనే పేరుతో గ్రామ ఆరోగ్య కార్యకర్తల వ్యవస్థ 2002లో మొదలైనది. దేశమంతటా ఆశా కార్యకర్తలు రాకమునుపే నెలకొన్న వ్యవస్థ ఇది. 2020 జనవరిలో మలేరియా ముక్త బస్తర్ ఉద్యమం ప్రారంభమైనప్పుడు కార్యకర్తలు కిట్లు సంచులలో పెట్టుకొని, వాగులు దాటి, గుట్టలెక్కి ఇల్లిల్లూ తిరిగారు. జ్వరం ఉన్నదా లేదా అని అడుగకుండా ఇంటిలోని అందరి రక్తమూ పరీక్షించుట ఈ ఉద్యమం ప్రత్యేకత. దాని వలన తెలిసిన సత్యం ముఖ్యమైనది. పరాన్నజీవి ఉన్నవారిలో గణనీయమైన భాగానికి జ్వరమే లేదు! పొలానికి పోతూ, ఆటలాడుతూ, ఆరోగ్యంగా కనిపిస్తున్నవారి రక్తం నుండే దోమ వ్యాధిని ఇతరులకు మోస్తున్నది. జ్వరం కోసం వేచి ఉంటే వీరెన్నటికీ బయటపడేవారు కారు.

ఈ పట్టీకి పరిమితులు లేకపోలేదు. రోగం నయమైన తరువాత కూడా ఆ ప్రోటీను కొన్ని వారాలు రక్తంలో నిలిచి గీత చూపవచ్చు. కొన్ని పరాన్నజీవులలో ఆ ప్రోటీనును తయారు చేసే జన్యువు లోపించినందున రోగం ఉన్నా గీత రాకపోవచ్చు. ఎండలో, తేమలో నిలువ ఉంచిన పట్టీలు చెడిపోవచ్చు. అందుచేత లక్షణాలు కొనసాగుతున్నప్పుడు గీత రాలేదని నిశ్చింతగా ఉండరాదు.

ఇదే కోవలో క్షయ రోగ నిర్ధారణ కూడా పల్లెకు చేరువైనది. గోవాలోని మోల్బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో పనిచేస్తుంది. కఫంలో క్షయ బాక్టీరియా జన్యుపదార్థం ఉన్నదీ లేనిదీ సుమారు ఒక గంటలో చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని సిఫారసు చేసింది.

కొడవలి కణాల కథ

మధ్య భారతపు గిరిజన కుటుంబాలను తరతరాలుగా వేధిస్తున్న మరొక వ్యాధి సికిల్ సెల్ రక్తహీనత. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్ గొలుసులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారుట వలన ఇది కలుగుతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన ఆరవ స్థానంలో వాలిన్ చేరుతుంది. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన కణం ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలి ఆకారం దాల్చి సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతుంది. భరించరాని ఒళ్లు నొప్పులు, తరచు అంటురోగాలు, రక్తహీనత దాని ఫలితాలు. అసలు కారణం తెలియక దిష్టి తగిలినదనో, దయ్యం పట్టినదనో భావించిన కుటుంబాలెన్నో.

తల్లిదండ్రులలో ఒక్కరి నుండి మాత్రమే ఈ జన్యువు వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, వారు వాహకులు. ఇద్దరు వాహకులు వివాహం చేసికొంటే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కనుక పరీక్ష ఫలితం ఒక వ్యక్తికి చెందినది మాత్రమే కాదు, రాబోయే తరానికి కూడా చెందినది.

పాత పద్ధతిలో రక్తాన్ని ఒక ద్రావణంలో కలిపి మసకబారునా లేదా అని చూస్తారు. చౌకగా ఉన్నా అది వాహకునికి, రోగికి గల భేదాన్ని చెప్పజాలదు. మలేరియా పట్టీ వంటి కొత్త పట్టీలు కొద్ది నిమిషాలలోనే ఆ భేదాన్ని కూడా చూపుతున్నాయి. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏండ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకొన్నది. పరీక్ష చేసినవారికి కార్డులు ఇస్తున్నారు. జాతకాలు చూచినట్లే ఈ కార్డులు కూడా చూచుట మంచిది.

ఈ వ్యాధిలో నొప్పి తీవ్రతను తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు మొదట కొన్ని రక్త కాన్సర్ల చికిత్సలో వాడినదే. ఒక రోగానికై చేసిన పరిశోధన మరొక రోగికి ఊరట కలిగించుట వైద్య చరిత్రలో తరచు కనిపించే విశేషం. జన్యువునే సవరించే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటను అనుమతి ఇచ్చింది. దాని ఖర్చు సామాన్యునికి అందేది కాదు. హైడ్రాక్సీయూరియా మాత్ర అందుతుంది.

కాన్సరు: ఆలస్యమే అసలు శత్రువు

కాన్సరు అన్న మాట వినగానే కుటుంబమంతా కుంగిపోతుంది. కాని మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడు కాన్సర్లు - నోటి కాన్సరు, రొమ్ము కాన్సరు, గర్భాశయ ముఖద్వార కాన్సరు - తొలి దశలో పట్టుకొంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. విషాదం ఏమంటే అత్యధికులు ముదిరిన తరువాతనే ఆసుపత్రికి చేరుతున్నారు. 1955లో స్థాపితమైన హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి వంటి పెద్ద సంస్థలు ఉన్నా, అక్కడికి చేరే నాటికి రోగం ఏ దశలో ఉన్నదన్నదే ముఖ్యం.

గర్భాశయ ముఖద్వార కాన్సరుకు కారణం హెచ్.పి.వి. అనే వైరసు. ఈ సంగతి రుజువు చేసిన హరాల్డ్ త్సుర్ హౌజన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. వైరసు సోకిన తరువాత కాన్సరుగా మారుటకు సాధారణంగా పది, పదిహేను ఏండ్లు పడుతుంది. అంత గడువు ఇచ్చే కాన్సర్లు తక్కువ. ఆ గడువును వాడుకొనుటయే మన చేతిలోని పని.

వంటింట్లోని వినెగారులో ఉండే అసిటిక్ ఆమ్లమే ఇక్కడ ఒక పరీక్షా సాధనం. మూడు నుండి అయిదు శాతం ద్రావణాన్ని గర్భాశయ ముఖద్వారానికి పూసి ఒక నిమిషం ఆగితే అనుమానించదగిన భాగం తెల్లబడుతుంది. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు సుమారు లక్షన్నర మంది మహిళలతో 12 ఏండ్ల పాటు పరిశోధన జరిపి, పదవ తరగతి చదివి కొద్ది వారాల శిక్షణ పొందిన కార్యకర్తలు ఈ పరీక్ష చేసిన చోట ఈ కాన్సరు మరణాలు 31 శాతం తగ్గినట్లు 2014లో ప్రకటించారు. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో జరిగిన మరొక పరిశోధన ఫలితాలు 2009లో వెలువడినాయి. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. వైరసు పరీక్ష చేయించుకొన్నా మరణాలు ఇంచుమించు సగానికి తగ్గినట్లు అందులో తేలింది. ఈ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీలు తామే తీసి ఇవ్వవచ్చును. సిగ్గుతో, బిడియంతో పరీక్షకు వెనుకాడే మన ఆడపడుచులకు ఇది గొప్ప వెసులుబాటు. నివారణకు టీకా కూడా ఉన్నది. పుణెలోని సీరం సంస్థ తయారు చేసిన సెర్వావాక్ టీకాకు 2022లో అనుమతి లభించింది.

నోటి కాన్సరు విషయంలో సాధనం మరీ సులభం: మంచి వెలుతురు, శిక్షణ పొందిన కన్ను. కేరళలోని తిరువనంతపురంలో జరిగిన పరిశోధన 2005లో ప్రకటితమైనది. పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటిని క్రమంగా పరిశీలించిన చోట ఈ కాన్సరు మరణాలు 34 శాతం తగ్గినాయి. గుట్కా, ఖైనీ, బీడీ అలవాటు ఉన్న ఇంటిలో అద్దం ముందు నోరు తెరిచి చూచుకొనే అలవాటు కూడా ఉండాలి. అలవాటే మానివేయుట మరింత మేలని వేరుగా చెప్పనక్కరలేదు.

చికిత్సా పరిశోధన కూడా ముందుకు సాగుతున్నది. రోగి రక్తంలోని రక్షక కణాలను వెలుపలికి తీసి, కాన్సరు కణాలను గుర్తించేలా మార్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సను ముంబయి ఐ.ఐ.టి., టాటా స్మారక కేంద్రం కలిసి మన దేశంలోనే రూపొందించాయి. 2023 అక్టోబరులో కొన్ని రక్త కాన్సర్లకు దీని వాడుక అనుమతి పొందింది. రక్తంలో తేలియాడే కాన్సరు డి.ఎన్.ఏ. తునకలను బట్టి అనేక కాన్సర్లను ఒకేసారి కనిపెట్టే పరీక్షలు కూడా వస్తున్నాయి. అయితే వాటి వలన మరణాలు తగ్గుతాయన్నది ఇంకా రుజువు కావలసి ఉన్నది. ప్రకటనలు చూచి వేలకు వేలు వెచ్చించుటకు ముందు వైద్యుని సలహా తీసికొనవలెను.

పరీక్ష తరువాత ఏమిటి?

ఇంతవరకు చెప్పిన పరీక్షలన్నింటికీ ఒక పోలిక ఉన్నది. రంగు వెలియుట, గీత ఏర్పడుట, మచ్చ తెల్లబడుట - సామాన్యమైన కంటికి కనిపించే గుర్తులే. పెద్ద చదువులు లేనివారు కూడా శిక్షణతో చేయగలరు. ఇది విజ్ఞాన శాస్త్రం సాధించిన ఘనత.

కాని గుర్తు కనిపించినంత మాత్రాన రోగం పోదు. బోరింగు నీటిలో ఫ్లోరైడు ఉన్నదని తేలిన తరువాత ఆ బోరింగుకు ఎర్రరంగు వేసి ఊరుకొంటే ఆ ఊరివారు ఏ నీరు తాగాలి? గీత కనిపించిన మలేరియా రోగికి మందు ఆనాడే, ఆ ఇంటిలోనే అందాలి. మచ్చ తెల్లబడిన స్త్రీని తదుపరి పరీక్షకు పంపితే ఆమె బస్సు చార్జీ, కూలి నష్టం, ఇంటి దగ్గర పిల్లల సంగతి ఎవరు చూడాలి? కబురు చెప్పి దారి చూపని పరీక్ష మనిషికి బెంగను మాత్రమే మిగులుస్తుంది. అందుకే పరీక్షను, మందును, ప్రయాణాన్ని, తిరిగి పలకరించుటను ఒకే పనిగా చూడాలని మేము గట్టిగా భావిస్తున్నాము.

ఆయుష్మాన్ భారత్ పథకం క్రింద దేశంలోనే మొట్టమొదటి ఆరోగ్య కేంద్రాన్ని 2018 ఏప్రిల్ 14న ప్రారంభించినది ఇదే బీజాపూర్ జిల్లాలోని జాంగ్లా గ్రామంలో. 30 ఏండ్లు దాటినవారికి రక్తపోటు, మధుమేహంతో పాటు పైన చెప్పిన మూడు కాన్సర్ల పరీక్ష కూడా ఇటువంటి కేంద్రాలు చేయవలసిన పనులలో చేరి ఉన్నది. అడవి జిల్లాలో మొదలైన ఆ పని ప్రతి పల్లెలోను పూర్తి కావలెను.

మన కుటుంబాలు పాటించదగినవి

1. సొంత బోరు నీటిని ఫ్లోరైడు కోసం పరీక్ష చేయించండి. ఎనిమిదేండ్ల లోపు పిల్లలు ఉన్న ఇండ్లలో ఇది మరింత అవసరం. పళ్లు ఏర్పడే వయసు అదే.

2. జ్వరం వస్తే ఆ రోజే రక్త పరీక్ష చేయించండి. ఇచ్చిన మందు పూర్తి మోతాదు వాడండి. జ్వరం తగ్గినదని మధ్యలో మానవద్దు.

3. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫ పరీక్ష తప్పనిసరి.

4. పెండ్లి కుదుర్చుకొనే ముందు సికిల్ సెల్ పరీక్ష గూర్చి ఇరుపక్షాలవారు మొగమాటం లేకుండా మాట్లాడుకొనండి.

5. 30 ఏండ్లు దాటిన స్త్రీలు గర్భాశయ ముఖద్వార, రొమ్ము పరీక్షలకు వెనుకాడవద్దు. ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా గూర్చి వైద్యుని అడగండి.

6. నోటిలో రెండు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, రొమ్ములో గడ్డ, అకాల రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు.

సంస్థ ఆసుపత్రి అందుబాటులో ఉండుట మనకు లభించిన సౌకర్యం. మన కాలనీ గేటు దాటిన తరువాత ఉండే పల్లెలకు ఆ సౌకర్యం అంత సులభంగా అందదు. మన ఇండ్లలో పనికి వచ్చే అమ్మకు, గనిలో, యార్డులో కాంట్రాక్టు కూలికి వచ్చే తమ్మునికి పైన చెప్పిన ఆరు మాటలు వారి భాషలో చెప్పండి. పరీక్షా శిబిరం జరిగే రోజు తెలిస్తే వెంటబెట్టుకొని తీసికొని వెళ్లండి. ప్రయోగశాల ముంగిటికి వచ్చిన ఈ రోజులలో తలుపు తెరిచి లోనికి పిలువవలసిన బాధ్యత మనందరిది.